ఇప్పుడు వేయాలా అన్నయ్యా? చిన్న కారులో గేరు మార్చే వేళ

మా చెల్లెలు కారు నేర్చుకున్న రోజుల్లో వరుసగా ఆరు ఆదివారాలు ఉదయం ఆరింటికి నేను ఆమె పక్క సీటులో కూర్చున్నాను. ఆ వేళకు బెంగళూరులో మారతహళ్ళి నుంచి హెచ్.ఎస్.ఆర్. లేఔట్ దాకా రోడ్డు దాదాపు ఖాళీ. స్టీరింగ్ ఆమెకు రెండో రోజుకే స్వాధీనమైంది. బ్రేకు మీద కాలు మొదటి నుంచీ మెత్తగానే పడేది. గేరు దగ్గర మాత్రం ప్రతిసారీ ఒకటే ప్రశ్న: “ఇప్పుడు వేయాలా అన్నయ్యా?”

డ్రైవింగ్ స్కూలులో ఆమెకు ఏ వేగం దగ్గర ఏ గేరు వేయాలో చెప్పే ఒక అంకెల పట్టిక బట్టీ పట్టించారు. ఆ అంకె వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆమె కళ్ళు మాటిమాటికీ మీటరు మీదికి దిగేవి. అంతసేపూ ముందున్న రోడ్డును చూసేవారు లేరు. నాకు భయం వేసింది అందుకే. గేరు తప్పుగా పడితే చాలాసార్లు బండి కుదుపుతుంది, అంతే. రోడ్డు మీది నుంచి చూపు తప్పితే దానికి వేరే మూల్యం ఉంటుంది.

ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఐ10, టియాగో, క్విడ్ వంటి ఐదు గేర్ల చిన్న పెట్రోలు కారు నడపడం నేర్చుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. అంకెలూ ఇస్తాను, మొదటి రెండు వారాలు అవి కావాలి. కానీ ఏ గేరు వేయాలో చెప్పేది వేగం ఒక్కటే కాదు. ఇంజన్ మీద ఇప్పుడు ఎంత బరువు పడుతోంది, ఇంకో యాభై అడుగుల్లో ఎంత పడబోతోంది అన్నదే అసలు లెక్క.

మోకాళ్ళ పర్వతం లెక్క

అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్ళినవారికి గేర్ల సంగతి సగం తెలిసినట్టే. చదునుగా ఉన్నచోట పెద్ద అంగలు వేసి నడుస్తాం. మోకాళ్ళ పర్వతం వచ్చేసరికి అడుగు దానంతట అదే చిన్నదైపోతుంది, చేతులు మోకాళ్ళ మీదికి వస్తాయి. కాళ్ళలో ఉన్న బలం అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఆ బలంతోనే ఎక్కాలంటే అడుగు పొడవు తగ్గించి, అడుగుల సంఖ్య పెంచుకోవాలి. మొదటి గేరు ఆ చిన్న అడుగు. ఐదో గేరు చదునులో వేసే పెద్ద అంగ.

గేరు పెట్టెలో జరిగేదీ ఇదే. మామూలు చిన్న కారులో మొదటి గేరులో ఇంజన్ సుమారు మూడున్నర చుట్లు తిరిగితే గేరు పెట్టె నుంచి బయటికి వచ్చేది ఒక్క చుట్టు. తిరుగుడు తగ్గింది, బలం అంతకంతా పెరిగింది. ఐదో గేరులో ఇంజన్ ముప్పావు చుట్టు తిరిగేసరికే బయట ఒక చుట్టు పూర్తవుతుంది. వేగం ఉంటుంది, ఎత్తు ఎక్కే ఓపిక ఉండదు. ఆగి ఉన్న కారును కదిలించడం అన్నిటికంటే పెద్ద బరువు. అందుకే ఒకటితో మొదలుపెడతాం.

మొదటి రెండు వారాలకు అంకెలు

ఇంజన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇలాంటి కారు మొదటి గేరులో గంటకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెండులో 13, మూడులో 20, నాలుగులో 26, ఐదులో 34. టైరు సైజును బట్టి, కారును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. చదును రోడ్డు మీద పెట్రోలు ఇంజన్ 2000 నుంచి 2500 చుట్ల మధ్య ఉన్నప్పుడు పై గేరుకు మారడం సుఖం. ఈ రెండూ కలిపి చూస్తే, గంటకు కిలోమీటర్లలో, వచ్చే అంకెలు ఇవి:

ఒకటి నుంచి రెండుకు: 15 నుంచి 18
రెండు నుంచి మూడుకు: 28 నుంచి 33
మూడు నుంచి నాలుగుకు: 42 నుంచి 48
నాలుగు నుంచి ఐదుకు: 58 నుంచి 65

వేగం తగ్గుతున్నప్పుడు ఇవే అంకెల దగ్గర కింది గేరుకు రానక్కరలేదు. ఐదులో 50 కంటే కిందికి పడితే నాలుగు, నాలుగులో 38 కంటే కిందికి పడితే మూడు, మూడులో 22 దగ్గర రెండు. రెండులోంచి ఒకటికి మాత్రం కారు దాదాపు ఆగిపోయాకే రావాలి. ఎక్కడానికీ దిగడానికీ అంకెల్లో ఎడం ఉండటం మంచిదే. లేకపోతే 45 దగ్గర మూడుకూ నాలుగుకూ మధ్య చేయి ఊగిసలాడుతూనే ఉంటుంది.

కొన్ని కార్లలో ఇంజన్ చుట్లు చూపే మీటరు ఉండదు. దిగులు పడనక్కరలేదు, చెవి అంతకంటే నమ్మకమైన మీటరు. కొన్నిటిలో పైకి మార్చమని, కిందికి మార్చమని చిన్న బాణం గుర్తు వెలుగుతుంది. అది పెట్రోలు పొదుపును దృష్టిలో పెట్టుకుని చెప్పే సలహా. ముందు ఫ్లైఓవర్ ఉన్నదని ఆ బాణానికి తెలియదు. మీకు తెలుసు.

ఈ అంకెలను కాస్త పైకి జరపవలసిన సందర్భాలు ఉన్నాయి. ఏసీ నడుస్తుంటే, వెనక ముగ్గురు కూర్చుని ఉంటే, డిక్కీలో ఊరి బియ్యం మూట ఉంటే, కారు సీఎన్‌జీ మీద నడుస్తుంటే, ప్రతి గేరులోనూ మరో మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ లాగనిచ్చి మార్చండి. డీజిల్ కారు దీనికి తలకిందులు. దాని బలమంతా తక్కువ చుట్లలోనే ఉంటుంది కాబట్టి 1500 నుంచి 2000 మధ్యలోనే పైకి మార్చవచ్చు.

నెల్లూరు నుంచో విజయవాడ నుంచో కారు తెచ్చుకున్నవారు బెంగళూరులో బండి కాస్త మందగించిందని అంటుంటారు. అది భ్రమ కాదు. నగరం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత ఎత్తులో గాలి ఎనిమిది శాతం దాకా పలుచబడుతుంది. టర్బో, అంటే గాలిని బలవంతంగా లోపలికి నెట్టే పరికరం, లేని ఇంజన్ పీల్చే గాలి ఆ మేరకు తగ్గుతుంది, లాగే బలమూ తగ్గుతుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళో మూడో గేరులో ఎక్కిన ఎత్తుకు ఇక్కడ రెండు కావలసి వస్తే కారును అనుమానించకండి.

చెవి ఏం వినాలి

పై గేరు వేళ దాటిపోతే ఇంజన్ గొంతు పెరుగుతుంది. మొదట గుర్రుమనే శబ్దం, తర్వాత రొద, ఆపైన మొర. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ శబ్దమే పెరుగుతుంది, వేగం అంతగా పెరగదు. ఇది కొత్తవారు తొందరగానే గుర్తుపడతారు, ఎందుకంటే చెవికి ఇబ్బందిగా ఉంటుంది.

గుర్తుపట్టలేనిది రెండో తప్పు, కారుకు ఎక్కువ చేటు చేసేదీ అదే. పెద్ద గేరులో తక్కువ వేగంతో పోవడం. అప్పుడు ఇంజన్ అరవదు, మూలుగుతుంది. గేరు రాడ్డు మీద చేయి పెట్టి చూడండి, సన్నగా అదురుతుంటుంది. డ్యాష్‌బోర్డులో ఎక్కడో ఒక ప్లాస్టిక్ ముక్క గిలగిలమంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత దడదడమని కారు ముందుకు వెనక్కు ఊగుతుంది. ఆ క్షణంలో ఇంకా నొక్కకండి. కాలు తీసి, క్లచ్ తొక్కి, ఒక గేరు దించండి. తక్కువ చుట్లలో పెద్ద బరువు లాగమంటే ఇంజన్ బేరింగుల మీద, దాన్ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మల మీద దెబ్బ పడుతుంది. “పెద్ద గేరులో పోతే పెట్రోలు మిగులుతుంది” అన్న మాట నిజమే, కానీ ఇంజన్ హాయిగా తిరుగుతున్నంత వరకే. మూలిగే ఇంజన్ పెట్రోలు మిగల్చదు.

చెల్లెలికి నేను చెప్పిన పరీక్ష ఒక్కటే. ఏ గేరులో ఉన్నా యాక్సిలరేటర్‌ను పావు అంగుళం నొక్కి చూడు. కారు వెంటనే ముందుకు జరిగిందా, గేరు సరైనది. ఆలోచించి జరిగిందా, ఒకటి దించు. జరగకుండా అరిచిందా, ఒకటి పెంచు.

చేయి, పాదం

ఎప్పుడు మార్చాలో తెలిసినా, ఎలా మార్చాలో తెలియక కుదుపులు తెచ్చుకునేవారే ఎక్కువ. క్రమం ఇది. యాక్సిలరేటర్ మీది కాలు తీయడం, క్లచ్ నేల దాకా తొక్కడం దాదాపు ఒకేసారి జరగాలి. తర్వాత గేరు. తర్వాత క్లచ్‌ను సగం దాకా చటుక్కున వదలండి. ఇంజన్ చక్రాలను అందుకునే చోటు, మనవాళ్ళు హాఫ్ క్లచ్ అనేది, అక్కడ ఒక్క రెప్పపాటు పాదాన్ని నిలపండి. ఆ పైన మిగతాది వదులుతూ యాక్సిలరేటర్ ఇవ్వండి. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు ఈ ఆగడం కాస్త ఎక్కువసేపు కావాలి, ఆ రెండు గేర్ల మధ్య తేడా అన్నిటికంటే పెద్దది కనుక. నాలుగు నుంచి ఐదుకు అసలు ఆగినట్టే తెలియదు. మార్పు పూర్తయ్యాక ఎడమ పాదం క్లచ్ మీద ఉండకూడదు, పక్కనున్న చోట నేల మీద ఉండాలి. కాలు ఆనించి ఉంచినా క్లచ్ ప్లేట్ అరుగుతుంది.

ఇక ఎడమ చేయి. మన కార్లలో ఒకటి, రెండు గేర్లు మనకు దూరంగా, పక్క సీటు వైపు ఉంటాయి. మూడు, నాలుగు మధ్యలో. ఐదు మన వైపు. న్యూట్రల్‌లో వదిలేస్తే రాడ్డు స్ప్రింగు బలంతో దానంతట అదే మధ్యకు, అంటే మూడు, నాలుగుల వరుసకు వచ్చి నిలుస్తుంది. దీన్ని ఒకసారి ఇంజన్ ఆపి ఉంచి, క్లచ్ తొక్కి, వేళ్ళతో తోసి వదిలి చూడండి. చెల్లెలు రెండు నుంచి మూడు వేయబోయి రెండుసార్లు ఐదులో పడేసింది. రాడ్డును గట్టిగా పట్టుకుని తన వైపు లాగడమే కారణం. పిడికిలి వదిలి, అరచేత్తో ముందుకు తోయమన్నాను. న్యూట్రల్ దగ్గర స్ప్రింగు తన పని తాను చేసుకుంది, మూడు పడింది. అప్పటి నుంచి మళ్ళీ తప్పలేదు. ఒకటి, రెండుకు అరచేయి పక్క సీటు వైపు తిప్పి మెల్లగా నెట్టాలి. మూడు, నాలుగుకు సూటిగా ముందుకో వెనక్కో. ఐదుకు మాత్రమే మన వైపు లాగి ముందుకు.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. ఐదులో 80 మీద పోతూ నాలుగు వేయబోయి, చేయి పక్క సీటు వైపు నెట్టడం వల్ల రెండులో పడవచ్చు. క్లచ్ వదలగానే చక్రాలు ఇంజన్‌ను నిమిషానికి ఆరు వేల చుట్లు తిప్పేస్తాయి. ఇంజన్ దెబ్బతినడం ఒక ఎత్తు, ముందు చక్రాలు పట్టు తప్పడం ఇంకో ఎత్తు. ఐదు నుంచి నాలుగుకు రాడ్డును సూటిగా వెనక్కు లాగాలి, పక్కకు ఏ మాత్రం నెట్టకూడదు. స్ప్రింగే దాన్ని మధ్యకు చేరుస్తుంది.

రివర్స్ ఉండే చోటు కారును బట్టి మారుతుంది. కొన్నిటిలో రాడ్డు కిందున్న రింగును పైకి ఎత్తితే గాని పడదు. రాడ్డు తల మీది బొమ్మ చూసుకోండి. కారు పూర్తిగా ఆగాకే వేయండి.

సిల్క్ బోర్డు దగ్గర

నేర్పించే పుస్తకాలు ఖాళీ రోడ్డును ఊహించుకుంటాయి. బెంగళూరులో మనకు దొరికేది సాయంత్రం ఏడింటికి కిక్కిరిసిన సిల్క్ బోర్డు జంక్షన్, టిన్ ఫ్యాక్టరీ, కె.ఆర్. పురం వేలాడే వంతెన. అక్కడ గేరు మార్చడం కంటే మార్చకుండా ఉండటం పెద్ద విద్య.

ముందు కారు ఒక అడుగు కదలగానే మీరూ ఒక అడుగు కదలకండి. రెండు కార్లంత ఖాళీ రానివ్వండి. అప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఉండండి. చదును మీద చిన్న పెట్రోలు కారు తనంతట తాను గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో, మనిషి నడకలా సాగిపోతుంది. హాఫ్ క్లచ్ మీద వేలాడనక్కరలేదు. ఖాళీలోకి ఎవరో ఆటో దూర్చుతారన్న బాధ ఉంటుంది. దూర్చనివ్వండి. క్లచ్ ప్లేట్ మార్పించే ఖర్చు ముందు ఆ ఒక్క ఆటో ఏపాటి?

వరుస కాస్త చురుగ్గా, 12 కిలోమీటర్లకు పైన సాగుతుంటే రెండో గేరు. అదే గేరులో 12 నుంచి 30 దాకా ఏ మార్పూ లేకుండా నడిచిపోతుంది కాబట్టి బెంగళూరు సాయంత్రానికి రెండో గేరే నిజమైన నేస్తం. పది లోపు పడి కారు అదరడం మొదలైతే క్లచ్ తొక్కండి, దాదాపు ఆగాక ఒకటి.

సిగ్నల్ దగ్గర అంకెలు వెనక్కు లెక్కపెడుతుంటే, పది సెకన్ల కంటే ఎక్కువ ఉంటే న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్. ఐదు సెకన్లు మిగిలాక క్లచ్ తొక్కి ఒకటి వేయండి. సిగ్నల్ పొడవునా క్లచ్ తొక్కి కూర్చుంటే ఎడమ మోకాలికీ కష్టం, క్లచ్ బేరింగుకూ కష్టం.

లేఔట్ వీధుల్లో హంపులు అడుగడుగునా ఉంటాయి. హంపుకు ముందే బ్రేకు వేసి, ముందే రెండులోకి వచ్చి, దాటాక యాక్సిలరేటర్ ఇవ్వండి. హంపు మీద ఉండగా క్లచ్ తొక్కి గేరు వెతుక్కుంటే కారు ఎటూ కాకుండా ఊగుతుంది. బాగా ఎత్తైన హంపు అయి దాదాపు ఆగవలసి వస్తే మొహమాటం లేకుండా ఒకటి వేయండి.

ఎత్తుకు ముందే గేరు

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కొత్తవారు చేసేది ఒకటే. సగం ఎక్కాక, ఇంజన్ మూలగడం మొదలయ్యాక, కింది గేరు కోసం వెతుకుతారు. క్లచ్ తొక్కిన ఆ క్షణంలో ఉన్న కాస్త వేగమూ ఎత్తు మింగేస్తుంది. మూడుకు దించుదామనుకున్నది రెండుకు దించవలసి వస్తుంది. హెబ్బాళ ఫ్లైఓవర్ అయినా, బొమ్మనహళ్ళి వైపు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా పోయే దాదాపు పది కిలోమీటర్ల పై వంతెన అయినా, మొదలుకు కాస్త ముందే ఒక గేరు దించి, ఇంజన్ కాస్త గొంతెత్తాక ఎక్కండి. పైన చదును వచ్చి, 60 దాటాక, ఐదు వేసుకోవచ్చు.

ఎత్తు మీద ఆగి కదలవలసి వస్తే హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచండి. ఒకటి వేసి క్లచ్‌ను హాఫ్ క్లచ్ దాకా తెండి. కారు ముందు భాగం ఒక వేలెడు పైకి లేచినట్టు తెలుస్తుంది. అప్పుడు కాస్త యాక్సిలరేటర్, ఆపైన హ్యాండ్‌బ్రేక్ వదలడం. ఆ వేలెడు లేవకుండా హ్యాండ్‌బ్రేక్ వదిలితే కారు వెనక్కే వెళుతుంది. కె.ఆర్. పురం వంతెన మీద మా చెల్లెలి వెనక బస్సు ఆనుకుని ఉంది. ఆమె చేతికి చెమట పట్టింది. “బస్సును చూడకు, బానెట్‌ను చూడు” అన్నాను. బానెట్ లేచింది, తను కదిలింది.

లారీని దాటేటప్పుడు

హైదరాబాద్ రోడ్డులో దేవనహళ్ళి దాటాక 60 మీద పోతున్న లారీ వెనక ఉన్నారనుకోండి. ఐదో గేరులో ఇంజన్ 1750 చుట్ల దగ్గర నిద్రమత్తులో ఉంటుంది. అలాగే బయటికి వచ్చి యాక్సిలరేటర్ నొక్కితే లారీ పక్కనే చాలాసేపు ఉండిపోతారు. అన్నిటికంటే ప్రమాదమైన చోటు అదే. లారీ వెనక ఉండగానే మూడుకు దించండి, చుట్లు 3000కు వస్తాయి. అప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే బయటికి రండి. ఇంజన్ అరుస్తుంది, అరవనివ్వండి, అది చేయవలసిన పనే. దాటి వచ్చాక నేరుగా ఐదు వేసుకోవచ్చు. మధ్యలో నాలుగును తప్పనిసరిగా ముట్టుకోవాలన్న నియమం లేదు. అలాగే ఐదు నుంచి మూడుకు, నాలుగు నుంచి రెండుకు, వేగం తగినంత తగ్గి ఉంటే, నేరుగా రావచ్చు.

దించేటప్పుడు ఒక మెలకువ. కింది గేరులో ఇంజన్ ఎక్కువ చుట్లు తిరగాలి కనుక, క్లచ్ తొక్కి ఉన్నప్పుడే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, ఆ తర్వాత క్లచ్ వదిలితే కుదుపు ఉండదు. వెనక సీటులో నిద్రపోతున్న పిల్లవాడు లేవకపోతే మీకు వచ్చినట్టే.

మొగిలి ఘాట్, తిరుమల

బెంగళూరు నుంచి చిత్తూరు, తిరుపతి వెళ్ళే మనవారికి పలమనేరు దాటాక మొగిలి ఘాట్ తగులుతుంది. అటు వెళ్ళేటప్పుడు అది దిగుడు. దిగుడులో నియమం పాతదే, గట్టిదే: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. మూడులో, మలుపులు బిగిస్తే రెండులో, యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంజనే కారును పట్టి ఆపుతుంది, బ్రేకు అప్పుడప్పుడు ఆసరా. బ్రేకు ఒక్కదాని మీదే దిగితే అది వేడెక్కి, కాలిన వాసన వచ్చి, పెడల్ మెత్తబడుతుంది. తిరుమలలో 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడూ ఇదే.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని నమ్మే పెద్దవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. మా బాబాయి కూడా అలాగే నమ్మేవారు. అది కార్బ్యురేటర్ కాలపు మాట. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే కంప్యూటర్ పెట్రోలును ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోయాల్సిందే. దిగుడులో ఇంజన్ ఆపడం మరీ ఘోరం. బ్రేకుకు వచ్చే ఆసరా పోతుంది, పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

ఆపేటప్పుడు కూడా ఇదే బుద్ధి. ముందు బ్రేకు, తర్వాత క్లచ్. కారు అదరబోతున్నదనిపించే దాకా క్లచ్ తొక్కనక్కరలేదు. ఎదురుగా హఠాత్తుగా ఎవరైనా అడ్డం వస్తే మాత్రం ఇవేమీ ఆలోచించకండి. బ్రేకు, క్లచ్ రెండూ బలంగా తొక్కండి, గేరు సంగతి తర్వాత.

ఆరు ఆదివారాలు

మొదటి ఆదివారం ఒకటి, రెండు గేర్లే. ఎల్ బోర్డు ముందూ వెనకా పెట్టి, లైసెన్సు ఉన్నవారు పక్కన కూర్చుని, ఖాళీ లేఔట్ వీధిలో ఇరవై సార్లు ఆగి ఇరవై సార్లు కదలండి. రెండో వారం మూడు, మళ్ళీ రెండుకు దిగడం. మూడో వారం నాలుగు. నాలుగో వారం ఒక ఫ్లైఓవర్, ఎత్తు మీద ఆగి కదలడం. ఐదో వారం హైవే, ఐదో గేరు. ఈ వరుసను తొందరపెట్టకండి. రెండో గేరు కుదరనివారికి ఐదో గేరు ఎప్పటికీ కుదరదు.

ఆరో ఆదివారం నేను ఒక తెల్ల కాగితం మడిచి మీటరు మీద అతికించాను. నా ఫోనులో జీపీఎస్ వేగం కనిపిస్తోంది, అది నా చేతిలోనే ఉంచుకున్నాను. “వినిపించినప్పుడు మార్చమ్మా, నన్ను అడగవద్దు” అన్నాను. హెచ్.ఎస్.ఆర్. లేఔట్‌లో చెట్ల కింద పొడవాటి రోడ్డు, పాల బండి తప్ప ఏమీ లేదు. ఆమె అద్దం కాస్త దించుకుంది, శబ్దం బాగా తెలియడానికి. రెండో గేరు వేసినప్పుడు నా ఫోనులో 16 ఉంది. మూడు వేసినప్పుడు 31. నాలుగు వేసినప్పుడు 44.